ఊరెళ్తున్నారా? కుళాయిలు కట్టడం చాలదు, వాల్వులు కట్టండి

పండక్కి ఊరెళ్లినవాళ్లు బస్సు దిగకముందే బెంగళూరు మారతహళ్లి, కేఆర్ పురం అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏటా ఏదో ఒక ఫొటో తిరుగుతుంది. కింది ఫ్లోర్‌లో ఫాల్స్ సీలింగ్ ఊడి సోఫా మీద పడి ఉంటుంది, పై ఫ్లాట్‌కి తాళం ఉంటుంది. అందులో అద్దెకున్నవాళ్లు కుళాయిలన్నీ కట్టే వెళ్లారు. ఫ్లాట్‌లోకి నీళ్లొచ్చే లైను వాల్వు కట్టలేదు.

కుళాయి కట్టినంత మాత్రాన పైపులో ఒత్తిడి పోదు. ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ల ఒత్తిడంతా టాయిలెట్ పక్కనుండే హెల్త్ ఫాసెట్ గొట్టం మీద, గీజరు, వాష్‌బేసిన్ కనెక్షన్ పైపుల మీద రాత్రింబగళ్లు ఉంటుంది. ఆ పైపుల్లో స్టీలు అల్లిక పైకి కనిపించేదే, లోపల ఉన్నది రబ్బరు గొట్టం. గీజరు వేడికి గట్టిపడి నట్టు దగ్గర చీలుతుంది. ఇంట్లో మనిషి ఉంటే వెంటనే యాంగిల్ కాక్ (ఆ పైపు మొదట్లో గోడకుండే చిన్న కుళాయి) తిప్పేస్తాడు. ఎవరూ లేకపోతే ట్యాంకు ఖాళీ అయ్యేదాకా కారుతుంది, మోటారు మళ్లీ నింపుతుంది.

వాల్వు ఒక్కటే అనుకోవద్దు. చాలా బిల్డింగుల్లో ఒక్కో బాత్‌రూముకు పైపులు దిగే డక్ట్‌లోంచి వేరే లైను వస్తుంది, వంటింటికీ యుటిలిటీకీ ఇంకోటి. ఎస్టీపీ (మురుగునీటిని శుద్ధిచేసే ప్లాంటు) ఉన్న పెద్ద కమ్యూనిటీల్లో ఫ్లష్‌కి శుద్ధిచేసిన నీళ్లు మరో లైన్లో వస్తాయి. మంచినీళ్ల వాల్వు కట్టి దీన్ని మరిచిపోతారు. కట్టాక ప్రతి కుళాయీ తిప్పి చూడండి, ఫ్లష్ కూడా నొక్కండి. ధార సన్నబడి పూర్తిగా ఆగాలి. ఆగకపోతే వాల్వు పనిచేయట్లేదు. పాత గేట్ వాల్వుల చక్రం తిరుగుతుంది గానీ లోపల గేటు దిగదు. అప్పుడు యాంగిల్ కాక్‌లు ఒక్కొక్కటీ కట్టాల్సిందే. చూశాక కుళాయిలు మళ్లీ కట్టేయండి.

ఇక డబ్బు సంగతి. అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకోకపోతే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108 ప్రకారం ఇంటిని తీసుకున్న స్థితిలోనే అప్పగించాల్సింది అద్దెదారు. మామూలు అరుగుదలకూ, ఎవరూ ఆపలేని విపత్తుకూ మాత్రమే మినహాయింపు. చెడింది మీ తప్పు వల్లయితే ఓనరు నోటీసిచ్చిన 3 నెలల్లో బాగుచేయించాలి. పైపు కారుతోందని ఓనరుకు ముందే వాట్సాప్‌లో ఫొటోతో పెట్టి ఉంటే వాదనకు బలం ఉంటుంది. "ఫోన్లో చెప్పాం కదా" అంటే నిలవదు.

ఓనరు తీసుకున్న ఇంటి బీమా పాలసీ మీ టీవీకి రూపాయి ఇవ్వదు. పైగా ఓనరుకు చెల్లించిన కంపెనీ, తప్పు మీదని తేలితే ఆ సొమ్ము మీ దగ్గర రాబట్టుకోవచ్చు. 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన భారత్ గృహ రక్ష బీమా పాలసీలో అద్దెకున్నవాళ్లు సామాన్లకు మాత్రమే బీమా తీసుకోవచ్చు. పైపు పగిలినా, ట్యాంకు పొంగినా అది వర్తిస్తుంది. నెలల తరబడి ఊరిన చెమ్మకు ఇవ్వరు. కింది ఫ్లోర్ వాళ్ల నష్టానికి లయబిలిటీ కవర్ విడిగా అడగాలి, అడక్కపోతే ఏజెంటు చెప్పడు. ఇల్లు 30 రోజులకు మించి ఖాళీగా ఉంచడం గురించి పాలసీలో షరతుందేమో చదవండి. వేసవికి నెలన్నర వెళ్లేవాళ్లయితే ముందే కంపెనీకి మెయిల్ పెట్టండి.

ఇక బయల్దేరే రోజు. ముందు గీజరు స్విచ్చి ఆపండి, తర్వాతే వాల్వు.
ఆర్వో ఇన్‌లెట్ కట్టండి. ఆ సన్న గొట్టం ఊడితే వంటింటి ప్లైవుడ్ అంతా ఉబ్బిపోతుంది.
వాషింగ్ మెషీన్ కుళాయి కూడా.
బాత్‌రూము జాలీలో జుట్టు, బాల్కనీ జాలీలో ఆకులు తీసేయండి. అక్కడ నీళ్లు దిగకపోతే గదుల్లోకే వస్తాయి.
వాల్వులు. పిల్లలు లిఫ్టులో నిలబడి పిలుస్తున్నా సరే, వాల్వులు.
తాళంచెవి ఒకటి పక్కింట్లో ఇవ్వండి. ఏ వాల్వు ఎక్కడుందో చూపించి ఇవ్వండి.
కట్టిన వాల్వులకు వీడియో తీసుకోండి.
తిరిగొచ్చి తలుపు తీస్తే నీళ్లున్నాయా? కరెంటు మెయిన్ ఆపించేదాకా అడుగు పెట్టొద్దు.
ముందు వీడియో, తర్వాత తుడుపు. బీమా కంపెనీకి అదే రోజు చెప్పాలి.
"నష్టం మొత్తం మేమే కట్టిస్తాం" అని కింది వాళ్లకు మెసేజ్ పెట్టొద్దు, లయబిలిటీ క్లెయిము అక్కడే దెబ్బతింటుంది.
తెగిన పైపు ముక్కని ప్లంబరుకు ఇచ్చేయొద్దు. పాతబడి తెగిందా, మీరు తప్పుగా బిగిస్తే తెగిందా అన్నది బీమా కంపెనీ సర్వేయరు దాన్ని చూసే రాస్తాడు.