కబడ్డీ ఆటగాళ్లు దమ్ము పెంచుకునే పద్ధతి
కబడ్డీలో ఒక్కో కూత 30 సెకన్లకు మించదు కనుక వేగపు పరుగులు సాధన చేస్తే చాలునని చాలామంది కుర్రాళ్లు అనుకుంటారు; కానీ 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు ఆడవలసినప్పుడు, ఒక కూతకూ మరో కూతకూ మధ్య ఊపిరి ఎంత త్వరగా కుదుటపడుతుందన్నది ప్రధానంగా ఏరోబిక్ సామర్థ్యం (ఆక్సిజన్‌ను వాడుకుంటూ ఎక్కువసేపు శ్రమించగల శక్తి) మీదే ఆధారపడి ఉంటుంది. అందువల్ల వారంలో మూడు రోజులు, పక్కవారితో తడబడకుండా మాట్లాడగలిగేంత నెమ్మదిగా, అరగంటకు తగ్గకుండా పరుగెత్తండి. ఎనరోబిక్ సాధనకు, అంటే కొద్దిసేపు పూర్తి సత్తువతో చేసే శ్రమకు, రెండు రోజులు చాలు, అవి వరుస రోజులు కాకూడదు. ఆ రోజుల్లో ఒళ్లు బాగా వేడెక్కాక, 20 సెకన్లు సత్తువంతా పెట్టి పరుగెత్తి, రెండు నిమిషాలు నడవండి. ఇలా ఆరుసార్లు చేయండి. మొదటి పరుగు ఆగిన చోట సున్నంతో గీత గీసుకోండి. తర్వాతి పరుగులు ఆ గీతకు బాగా వెనకే ఆగిపోతుంటే విరామాన్ని మూడు నిమిషాలకు పెంచండి.