ముసలి కుక్కను సాగనంపేటప్పుడు

దేవరకొండ రోడ్డు మీద లారీ తగిలి పడి ఉంటే మల్లిని ఎత్తుకొచ్చాను. ఆ తర్వాత 11 ఏళ్లు నల్లగొండలో నా టైలరింగ్ షాపు గడపలోనే పడుకుంది. అది పోయి మూడు నెలలైంది. చివర్లో నొప్పి లేకుండా ప్రాణం పోయే సూది డాక్టర్‌తో వేయించాలా వద్దా అని తేల్చుకోలేక రెండు వారాలు ఆలస్యం చేశాను, ఆ రెండు వారాలూ అది నొప్పి పడింది. మీ ఇంట్లో అలా జరగొద్దని ఇది రాస్తున్నాను.

మొదట చేయాల్సింది గోడ మీద క్యాలెండర్ పెట్టడం. రోజూ రాత్రి చూడండి: తిన్నదా, తనంతట తాను లేచిందా, ఒంటికి రెంటికి బయటికి పోగలిగిందా, మిమ్మల్ని చూసి తోక ఆడించిందా. మంచి రోజైతే సున్నా, చెడ్డ రోజైతే అడ్డగీత. గీతలు సున్నాల కంటే ఎక్కువైన వారం డాక్టర్‌తో మాట్లాడండి. నా క్యాలెండర్‌లో వరుసగా ఆరు గీతలు పడ్డాయి. ఏడో రోజు పాలల్లో నానబెట్టిన జొన్నరొట్టె రెండు ముక్కలు తింటే, కోలుకుంటోందని నమ్మాను. పక్కింటామె "అక్కా, దాని కళ్లు చూడు ఒకసారి" అంది. నేను చూడలేదు.

నొప్పికి మనం వాడే పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ అస్సలు వేయకండి. ఐబుప్రోఫెన్‌తో కుక్కకు కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. టైల్స్ మీద కాళ్లు జారుతుంటే గోనెసంచులు పరవండి. లేవలేని కుక్కను కొన్ని గంటలకోసారి పక్క మార్చండి, లేకపోతే ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి. నేను రాత్రి రెండింటికి అలారం పెట్టుకునేదాన్ని.

సూది వేయించాలని తేల్చుకున్నాక డాక్టర్‌ను ముందే ఒక మాట అడగండి: "సార్, మొదట మత్తు ఇస్తారా?" ఇవ్వాలి. మత్తు ఎక్కడానికి పది నిమిషాలు పట్టొచ్చు. ఆ తర్వాతే నరంలోకి అసలు మందు. అదీ మత్తుమందే, కానీ మోతాదు చాలా ఎక్కువ, అందుకే ఊపిరి, గుండె కొద్ది నిమిషాల్లో ఆగిపోతాయి. ముసలి కుక్కకు నరం దొరకడం కష్టం, రెండు మూడు సార్లు వెతకాల్సి రావచ్చు. ఇంటికి వస్తారా అని కూడా అడగండి. మా సారు సాయంత్రం డ్యూటీ అయ్యాక వచ్చారు. దాని చోటులోనే, దాని బొంత మీదే జరిగింది.

మీరు గది వదిలి పోవద్దు. తల మీద చెయ్యి వేసి, రోజూ పిలిచే పేరుతోనే పిలుస్తూ ఉండండి. కళ్లు మూతపడవు. ఒకటి రెండు సార్లు ఊపిరి తీసినట్టు కదలవచ్చు, మూత్రం పోవచ్చు. అది నొప్పి కాదు, అప్పటికే దానికి ఏమీ తెలియదు. ఈ సంగతి తెలియక నేను "సార్, ఇంకా బతికే ఉంది" అని అరిచాను. ఆయన మళ్లీ స్టెతస్కోప్ పెట్టి చూసి చూపించారు.

కొన్ని గంటల్లో ఒళ్లు బిగుసుకుపోతుంది. ముందే కాళ్లు ముడిచి, పడుకున్నట్టు సర్ది, నూలు చీరలో చుట్టండి. ప్లాస్టిక్ వద్దు. ఇంట్లో ఇంకో కుక్క ఉంటే దగ్గరికి రానివ్వండి, వాసన చూసుకుంటుంది. పిల్లలకు నిద్రపోయిందని చెప్పకండి, రాత్రి పడుకోవడానికే భయపడతారు. చనిపోయిందనే చెప్పండి.

గుంత ముందు రోజే తవ్వించుకోండి. మా వైపు అడుగున్నర దిగగానే మొరం తగులుతుంది, గడ్డపార లేకుండా పని కాదు. నాలుగడుగులన్నా ఉండాలి. బావికి, బోరుకు దూరంగా చూసుకోండి. ఆ మందు ఒంట్లోనే ఉంటుంది, వేరే కుక్కలు తోడి తింటే వాటి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మట్టి పూడ్చి తొక్కి, పైన పెద్ద రాళ్లు పేర్చండి. మా అన్న పొలం గట్టు మీద వేపచెట్టు పక్కన పెట్టాం.

గిన్నె, బొంత ఆ రోజే తీసేయమని ఇంట్లోవాళ్లు అంటారు. నేను తీయలేదు. అలారం కూడా ఆపలేదు. రాత్రి రెండింటికి మోగితే లేచి, షాపు గడప దాకా వెళ్లి, కాసేపు కూర్చుని వస్తున్నాను.