సైట్ చూపించకముందే కమిషన్ కాగితం

విజయనగరంలో ఇళ్లు, స్థలాలు చూపించే పనిలోకి వచ్చి పద్దెనిమిదేళ్లయింది. అంతకుముందు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర నాకు జిరాక్స్ షాపు ఉండేది. ఊళ్లోవాళ్ల దస్తావేజులన్నీ నా చేతుల మీదుగా వెళ్లాయి గానీ, నా కమిషన్‌కు మాత్రం చాలాకాలం చీటీ ముక్క కూడా లేదు.

నెల్లిమర్ల రోడ్డులో 200 గజాల ప్లాటు. గజం 18,000 లెక్కన 36 లక్షలు. యజమాని ఒక శాతం ఇస్తానన్నాడు, నోటిమాటే. కొనే పార్టీని మూడుసార్లు బండి మీద తీసుకెళ్లి చూపించాను. తర్వాత ఇద్దరూ ఫోనెత్తడం మానేశారు. రెండు నెలలకు ఈసీ (ఆస్తి ఎవరి నుంచి ఎవరికి మారిందో చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం) తీయిస్తే, ప్లాటు పార్టీ బావమరిది పేరు మీదకి వెళ్లిపోయి ఉంది. యజమానిని అడిగాను. "మీరు తెచ్చినోడు కొన్నేదు కదా మాస్టారూ, మరి మీకేటివ్వాల?" అన్నాడు.

నోటిమాట కూడా ఒప్పందమే. కాకపోతే రుజువు చేసే భారం మనమీద పడుతుంది. పైగా 1872 నాటి కాంట్రాక్టు చట్టం 219వ సెక్షన్ ప్రకారం, వేరే షరతు లేకపోతే పని పూర్తయ్యాకే ఏజెంటుకు డబ్బు. పని పూర్తవడమంటే కొనేవాణ్ణి తేవడమా, అగ్రిమెంటా, రిజిస్ట్రేషనా? మనం రాసుకోకపోతే ఎవరికి నచ్చినట్టు వాళ్లు చెప్తారు.

అందుకే ఇప్పుడు తాళం తీయకముందే ఒక పేజీ రాయిస్తాను. ప్లాటు నంబరు, సర్వే నంబరు, హద్దులు, ఎంత శాతం, ఎవరిస్తారు అన్నవి ఎలాగూ ఉంటాయి. అసలు పట్టున్నవి తర్వాతి మూడు వాక్యాలు. సగం కమిషన్ అగ్రిమెంటు రోజు, మిగతా సగం రిజిస్ట్రేషన్ రోజు. అగ్రిమెంటయ్యాక యజమాని వెనక్కి తగ్గినా మొదటి సగం తిరిగివ్వక్కర్లేదు. నేను చూపించిన మనిషి గానీ, వాళ్లింట్లోవాళ్లు గానీ, వాళ్లు పంపినవాళ్లు గానీ ఆరు నెలల్లోపు నేరుగా కొన్నా కమిషన్ ఇవ్వాలి. ఈ చివరి వాక్యం బావమరిది నేర్పింది.

కొందరు సంతకమంటే "నమ్మకం లేదా?" అని ముఖం మాడ్చుకుంటారు. వాళ్లతో గొడవపడను. అవే షరతులు వాట్సాప్‌లో పంపి, "సరే" అని జవాబు వచ్చాకే బండి తీస్తాను. ఫోను మార్చినా ఆ చాట్ పోనివ్వొద్దు.

రెండు వైపులా కమిషన్ తీసుకుంటే ఇద్దరికీ ముందే చెప్పేయండి. యజమానికి ఒక రేటు, కొనేవాడికి ఒక రేటు చెప్పి మధ్యలోది జేబులో వేసుకునే అలవాటు మనవాళ్లలో ఉంది. బయటపడితే పరువే కాదు, అదే కాంట్రాక్టు చట్టం 220వ సెక్షన్ కింద రావాల్సిన కమిషన్ కూడా పోతుంది.

భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి లేఅవుట్లు అమ్మేవాళ్లకు ఇంకో మాట. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్ అయితే సాధారణంగా రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో, నమోదై ఉండాలి, అందులో ప్లాట్లు అమ్మే ఏజెంటుకు కూడా సొంత రెరా నంబరు ఉండాలి. లేకపోతే రోజుకు 10,000 చొప్పున జరిమానా పడొచ్చు. నంబరు లేకుండా కమిషన్ కోసం కోర్టుకెళ్తే ముందు మనమే దొరుకుతాం. ఎవరో తన సొంత ప్లాటు ఒక్కటి తిరిగి అమ్ముకుంటుంటే ఈ బాధ లేదు.

డబ్బు ఎగ్గొడితే ముందు స్పీడ్ పోస్టులో ఉత్తరం, తర్వాత లాయర్ నోటీసు. దావాకు మూడేళ్లే గడువు. దావా వేయకముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెడితే లోక్ అదాలత్‌కు పిలుస్తారు, కోర్టు ఫీజుండదు. కాకపోతే అవతలివాడు కూడా రాజీకి ఒప్పుకోవాలి. మన దగ్గరున్న యజమాని కాగితాలను కమిషన్ ఇచ్చేదాకా అట్టేపెట్టుకోవచ్చని కాంట్రాక్టు చట్టం 221వ సెక్షన్ అంటోంది. నేనైతే ఆ పని చేయను. ఇది చిన్న ఊరు, కాగితాలు దాచాడన్న పేరొస్తే మళ్లీ ఎవరూ తాళాలివ్వరు.

కమిషన్ బ్యాంకులో వేయమని అడగండి. యజమాని లాభం మీద పన్ను లెక్కేసేటప్పుడు ఆ మొత్తాన్ని అమ్మకం ఖర్చుగా తీసేసుకోవచ్చు. ఈ మాట చెప్తే నగదే ఇస్తానన్నవాళ్లు కూడా చాలామంది ఖాతా నంబరు అడుగుతారు.

నెల్లిమర్ల రోడ్డు ప్లాటుకు మూడేళ్లు ఎప్పుడో దాటిపోయాయి. ఆ యజమాని కోట జంక్షన్‌లో కనిపిస్తే ఇప్పటికీ నా టీ డబ్బులు తనే ఇస్తాడు. నేనూ వద్దనను. ఇంకా ముప్పై ఐదు వేల పైనే రావాలి.