చెట్ల మధ్య గోల్ఫ్ కోర్సుకు వెళ్లే ముందు జాగ్రత్తలు

నెల్లూరు, ఒంగోలు నుంచి చెన్నై వైపు కోర్సులకు వెళ్లేవాళ్లు తెల్లారకముందే బయల్దేరండి. మే నెలలో పది దాటితే వడగాలి ఆడనివ్వదు.

బ్యాగులో క్లబ్బులు (బంతిని కొట్టే కర్రలు) 14 మించకూడదు. బంతులు మాత్రం దండిగా పెట్టుకోండి: పోయిన బంతిని వెతకడానికి నిబంధన ఇచ్చేది 3 నిమిషాలే. రాలిన ఆకుల్లో చెయ్యి పెట్టొద్దు, ముందు క్లబ్బుతో కదపండి, పాములుంటాయి.

గ్రీన్ అంటే హోల్ (బంతి పడాల్సిన గుంట) చుట్టూ గడ్డి పొట్టిగా కోసిన చోటు. అది ఎలా ఉందో చూడటానికి ప్రాక్టీస్ గ్రీన్ మీద ఒకే ఊపుతో మూడు బంతులు ఎత్తుకీ, మూడు పల్లానికీ దొర్లించండి. ఆగేముందు బంతి గెంతితే గడ్డి కోత సరిగా లేదు, లేదా బంతి పైనుంచి పడ్డప్పుడు ఏర్పడ్డ గుంటలు ఎవరూ సరిచేయలేదు. పొద్దున మంచు తడికి నిదానంగా పోయే బంతి, ఎండెక్కాక అదే దెబ్బకి హోల్ దాటిపోతుంది. కాబట్టి పొద్దుటి గ్రీన్ చూసి కోర్సుకి మార్కులేయకండి.

బంతి బంకర్‌లో (ఇసుక గుంటలో) ఉన్నప్పుడు ఇసుకను చేత్తోనో క్లబ్బుతోనో తడిమి చూస్తే స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కపెట్టే ఆటలో) 2 స్ట్రోకుల శిక్ష. గట్టిదో మెత్తదో నిలబడేటప్పుడు పాదాలకే తెలియాలి.

ఉరిమితే చెట్టు కిందకి కాదు, క్లబ్‌హౌస్‌లోకి.