పొద్దున్నే సువార్త ధ్యానం ఎట్టా చేసుకోవాలి

పొద్దున ఫోన్ పట్టుకోకముందే బైబిల్ తెరవండి, అధ్యాయం మొత్తం అక్కర్లేదు, పది పదిహేను వచనాలు చాలు. లూకా సువార్త 5వ అధ్యాయం 1 నుంచి 11వ వచనం దాకా తీసుకుందాం. మొదటిసారి మామూలుగా, రెండోసారి బయటికి వినపడేటట్టు మెల్లగా చదవండి, యాడ మనసు ఆగిందో ఆడ పెన్సిల్‌తో గీత పెట్టుకోండి.

నాకైతే 2వ వచనం దగ్గరే ఆగింది, జాలరులు పడవలు దిగి వలలు కడుగుతున్నారని ఉంది గదా, మా కొత్తపట్నం ఒడ్డున గూడా రాత్రంతా వేటకి పోయి వొట్టి చేతుల్తో వచ్చినోళ్ళు వలలో చిక్కిన నాచు, చెత్త ఒక్కొక్కటే ఏరతా కూర్చుంటారు, ఎవరూ ఎక్కువ మాట్టాడరు, పైగా డీజిల్ ఖర్చు మీద పడింది, అట్టాంటప్పుడు ఒకాయన వచ్చి మళ్ళీ లోతుకి పోయి వల వెయ్యమంటే ఎట్టా ఉంటది? యేసు అట్టాగే అడిగితే, ఆ జాలరుల్లో ఒకడైన పేతురు మాత్రం రాత్రంతా ఏం దొరకలేదని దాచకుండా చెప్పి, "అయినను నీ మాట చొప్పున" అన్నాడు. ఈ "అయినను" దగ్గర కాసేపు కూర్చోండి, తొందర వద్దు.

తర్వాత నోట్‌బుక్‌లో రెండే రాయండి, ఈమధ్య నేను దేంట్లో అలిసిపోయి వల కడిగేసుకున్నా, ఈరోజు చెయ్యాల్సిన ఒక్క పని ఏంటి. చిన్న పనే ఉండాల, మాటలు మానేసిన తమ్ముడికి ఫోన్ చెయ్యడం లాంటిది. "ప్రేమగా ఉంటా" అని రాసుకుంటే సాయంత్రానికి మర్చిపోతాం.

ఇంకోటి, ఆ మాట విని వేస్తే పేతురు వల నిండా చేపలు పడినట్టే మనకీ డబ్బులొస్తాయని మాత్రం అనుకోబాకండి, 11వ వచనంలో ఆ జాలరులు అన్నీ వదిలేసి యేసు వెంట పోయారు. రాత్రి పడుకునేముందు ఆ గీత పెట్టిన మాట మళ్ళీ చదువుకోని, ఫోన్ చేశారో లేదో ఉన్నదున్నట్టు ప్రార్థనలో చెప్పుకోండి.