వదిలేయడం నేర్చుకుందాం – మూడో పాఠం: కాశీలో కాకరకాయ వదలకండి

మొదటి పాఠంలో కోపం వచ్చినప్పుడు ఒళ్ళు ఎక్కడెక్కడ బిగుసుకుంటుందో గమనించాం, రెండో పాఠంలో మనసులో గిరగిరా తిరుగుతున్నవన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాం. ఆ కాగితం తీసి దగ్గర పెట్టుకోండి. రాయనివాళ్ళు ఇప్పుడే రాసేయండి, పెద్ద టైం పట్టదు, ఎవరికీ చూపించక్కర్లేదు కాబట్టి అందులో మర్యాదలు కూడా అక్కర్లేదు, "సీమంతంలో తోడికోడలు అందరి ముందు అన్న మాట" అని రాస్తే చాలు, ఆ మాటేంటో మీకు తెలుసు కదా.

ఈ వారం పని ఆ కాగితంలోంచి ఒకటి తీసుకుని వదిలేయడం. ఒక్కటంటే ఒక్కటే.

వదిలేయ్, మర్చిపో అని సలహా ఇవ్వని మనిషి ఉండడు మన చుట్టూ. చెప్పడం తేలికే కానీ మర్చిపోవాలి మర్చిపోవాలి అనుకుంటే ఏమవుతుందో 1987లోనే డేనియల్ వెగ్నర్ అనే అమెరికన్ సైకాలజిస్టు చేసి చూపించాడు. కొంతమంది స్టూడెంట్స్‌ని కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించకండి, ఒకవేళ గుర్తొస్తే ఎదురుగా ఉన్న బెల్లు కొట్టండి అన్నాడు, ఇంకేముంది, బెల్లు మోగుతూనే ఉంది. అసలు విషయం తర్వాత జరిగింది, ఇప్పుడు హాయిగా ఆలోచించుకోండి అని వదిలేస్తే, మొదట అణచుకున్నవాళ్ళకి ఎలుగుబంటి మామూలువాళ్ళకంటే ఎక్కువసార్లు గుర్తొచ్చింది. అంటే అణిచిపెట్టింది ఊరికే పోలేదు, సందు దొరకగానే మరింత బలంగా పైకొచ్చింది. అందుకే మన పాఠాల్లో మర్చిపోవడం అనే పని ఎక్కడా పెట్టుకోలేదు, ఇకముందూ పెట్టుకోం.

మరి చెప్పుకుంటే బరువు దిగుతుంది కదా, కక్కేస్తే పోతుంది కదా అంటారు. కష్టం వచ్చినప్పుడు మనసుకి దగ్గరైనవాళ్ళతో చెప్పుకోవడం వేరే సంగతి, దాన్ని నేను కాదనట్లేదు. కోపం సంగతి మాత్రం అలా కాదు. బ్రాడ్ బుష్‌మన్ అని ఇంకో ఆయన 2002లో అచ్చేసిన ప్రయోగం ఉంది. కాలేజీ స్టూడెంట్స్‌తో వ్యాసం రాయించి, ఇంత చెత్త వ్యాసం జన్మలో చదవలేదన్నట్టు కామెంట్ రాసిచ్చి కోపం తెప్పించాడు, తర్వాత కొందరిని ఆ కామెంట్ రాసినవాణ్ణి తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్ గుద్దమన్నాడు, ఇంకొందరిని ఊరికే కాసేపు కూర్చోమన్నాడు. తలుచుకుని గుద్దినవాళ్ళకే కోపం ఎక్కువ మిగిలింది, ఊరికే కూర్చున్నవాళ్ళు వాళ్ళకంటే నయం.

ఇటు అణచకూడదు, అటు కక్కకూడదు, మరి ఇంకేం చెయ్యాలి? దీనికి మన పెద్దవాళ్ళ దగ్గర ఒక పద్ధతి ఉంది, మనమే దాన్ని సరిగ్గా పట్టించుకోలేదని నా అభిప్రాయం.

కాశీకో గయకో వెళ్ళొచ్చినవాళ్ళ ఇంట్లో ఈ సీన్ మీరు చూసే ఉంటారు. భోజనానికి కూర్చోగానే వంకాయ వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టి "నాకొద్దమ్మా, కాశీలో వదిలేశాను" అంటారు. గయలో పిండాలు పెట్టాక అక్షయవటం దగ్గర ఒక కాయ, ఒక పండు వదలమంటారు, కొందరు ఒక ఆకు కూడా వదులుతారు. కాశీలో గంగ ఒడ్డున వదిలేవాళ్ళూ ఉన్నారు. 2023 ఏప్రిల్, మే నెలల్లో గంగా పుష్కరాలకి మనవాళ్ళు ఎంతమంది వెళ్ళారో కాశీ ఘాట్‌లని అడిగితే చెప్తాయి, తెలుగు సత్రాల్లో కాలు పెట్టడానికి సందు లేదు. వెళ్ళొచ్చినవాళ్ళలో సగం మంది కాకరకాయ వదిలేశారని ఇంట్లోవాళ్ళు నవ్వుకోవడం కూడా మామూలే, ఎలాగూ నోటపెట్టని కూర వదిలితే ఖర్చు లేకుండా పుణ్యం. ఇష్టమైనదే వదలాలి అనేది అసలు నియమం. మామిడిపండు వదిలేసి ప్రతి వేసవికీ ఉసూరుమంటూ మనవలు రసాలు జుర్రుతుంటే చూస్తూ కూర్చునే తాతగార్లు నాకు తెలుసు.

ఆ తాతగారి దగ్గర ఆగండి కాస్త. ఆయనకి మామిడిపండు మీద ఇష్టం పోయిందా? పోలేదు. వాసన వస్తే నోరూరుతుంది, అందరి ముందే ఒప్పుకుంటాడు కూడా. గయలో ఆయన్ని ఎవరూ ఇష్టం వదిలెయ్ అనలేదు, తినడం మానెయ్ అన్నారు, అంతే. ఇష్టం ఉంటుందో పోతుందో ఆయన చేతిలో లేదు, చెయ్యి పండు దాకా వెళ్ళకుండా ఆపడం మాత్రం ఆయన చేతిలోనే ఉంది. పైగా ఆ మాట ఇంటిల్లిపాదికీ తెలుసు కాబట్టి ఎవరూ ఆయన కంచంలో వెయ్యరు, ఆయన కూడా రోజూ కూర్చుని తినాలా వద్దా అని తర్జనభర్జన పడడు, ఆ లెక్క ఒక చోట, ఒక రోజు తేలిపోయింది.

మనం మన కోపాలతో దీనికి తలకిందులుగా చేస్తాం. కోపం వదిలేయాలి అని కూర్చుంటాం, అది ఎలాగూ చెప్తే వినదు, నావల్ల కాదు అని లేచిపోతాం. దాన్ని రోజూ తింటున్న చెయ్యిని మాత్రం ఒక్కసారి కూడా చూడం.

సరే ఇప్పుడు కాగితం తియ్యండి. మరీ పెద్దది ఎంచుకోకండి, ఆస్తి పంపకాల్లో జరిగిన అన్యాయం, విడాకులు, అలాంటివి పై క్లాసు సిలబస్, వాటికి టైం ఉంది. అలాగని చచ్చిపోయిన విషయం కూడా వద్దు, పదో తరగతిలో మార్కు తగ్గించిన మాస్టారుని క్షమించేశాను అంటే అది కాకరకాయే. గుర్తొస్తే ఇప్పటికీ కాస్త చురుక్కుమనాలి, కానీ రాత్రి నిద్ర చెడగొట్టేంత ఉండకూడదు.

ఎంచుకున్నాక దాని కింద రెండు లైన్లు రాయండి. మొదటి లైను, నాకు రావాల్సింది ఏంటి. సారీ చెప్పాలా, డబ్బా, మర్యాదా, నలుగురి ముందు నీదే కరెక్టు అనిపించుకోవడమా. ఇక్కడ నిజం రాయండి, "నాకేం అక్కర్లేదు" అని రాసేవాళ్ళకి సాధారణంగా అన్నీ కావాలి. రెండో లైనే ఈ పాఠం మొత్తానికి ప్రాణం, దీన్ని నేను రోజూ ఎలా తింటున్నాను.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకావిడకి మేనకోడలి పెళ్ళిలో వదినగారు పెట్టిన చీర నచ్చలేదు. చీర బాగోకపోవడం కాదు, వదిన తన సొంత చెల్లెలికి పెట్టింది అంతకంటే మంచిది, అదీ బాధ. ఆడపడుచుని కదా నేను, నాకిచ్చే విలువ ఇదా అని. ఆ చీరకి ఫాల్ కూడా కుట్టించలేదు, షాపు కవర్‌లో అలాగే బీరువా రెండో అరలో ఉంది, బార్ కోడ్ స్టిక్కర్ సగం చింపి సగం వదిలేసి ఉంది, ధర కనపడకూడదని వదినే గోటితో గీకిందని ఈవిడ నమ్మకం. ఇంటికి ఏ చుట్టం వచ్చినా కాఫీ అయ్యాక బీరువా తలుపు తెరుచుకుంటుంది, చీర బయటికొస్తుంది, కొంగు పట్టుకుని చూడండి జరీ ఎలా ఉందో అంటుంది. వాళ్ళు వెళ్ళాక వదిన వాట్సాప్ స్టేటస్ చూస్తుంది. స్నానం చేస్తున్నప్పుడు, ఈసారి కలిస్తే ఏమనాలో మనసులో డైలాగులు రాసుకుంటుంది, అవతలామె డైలాగులు కూడా ఈవిడే రాస్తుంది, చివరికి ప్రతిసారీ ఈవిడే గెలుస్తుంది.

ఈవిడ రెండో లైనులో "వదిన మీద కోపం" అని రాస్తే ఉపయోగం లేదు. చీర తీసి చూపించడం, స్టేటస్ చూడటం, స్నానంలో డైలాగులు, ఇలా రాయాలి. ఎందుకంటే వీటిని ఆపొచ్చు. ఫాల్ కుట్టించి కట్టేసుకోవచ్చు, లేదా ఇంకెవరికైనా ఇచ్చేయొచ్చు, ఏదో ఒకటి, ఆ కవర్ మాత్రం బీరువాలో ఉండకూడదు. స్టేటస్ మ్యూట్ చెయ్యడానికి రెండు సెకన్లు. డైలాగుల సంగతి కొంచెం కష్టం, అది పిలవకుండానే వస్తుంది, దానికి కింద ఒక పద్ధతి చెప్తాను. మ్యూట్ చేస్తే తెలిసిపోతుందేమో అని కొందరు భయపడతారు, తెలీదండీ, వాట్సాప్ ఆ విషయం అవతలివాళ్ళకి చెప్పదు.

రాసుకున్నాక ఒక మాట అనుకోండి, పైకే అనండి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు అనుకున్నా పర్లేదు. "వదిన మీద కోపం ఉంటే ఉండనీ, ఈ చీర కథ ఇక నా నోటివెంట రాదు." చూశారా, ఇందులో వదినని క్షమించడం లేదు, వెళ్ళి కావలించుకోవడం లేదు, ఆవిడ చేసింది ఒప్పు అనడం అసలే లేదు. నాకు రావాల్సిన మర్యాదకి నీళ్ళొదులుకున్నాను, అంతవరకే. ఇంట్లో నమ్మకమైనవాళ్ళు ఒకరుంటే వాళ్ళకి కూడా చెప్పండి, మళ్ళీ నేను ఈ కథ మొదలెడితే గుర్తుచెయ్యమని. వెటకారం చేసేవాళ్ళకి మాత్రం చెప్పొద్దు, కొత్త కోపం ఒకటి తయారవుతుంది.

పిలవకుండా వచ్చేవాటికి 1983లో బోర్కొవెక్ అనే సైకాలజిస్టు బృందం ఒక పద్ధతి పెట్టింది, దిగులుకి ఒక టైం, ఒక చోటు కేటాయించడం. వాళ్ళు రోజుకి అరగంట ఇచ్చారు, మనకి పావుగంట చాలు. సాయంత్రం ఐదున్నర, బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ, అనుకోండి. పొద్దున స్నానంలో డైలాగు మొదలైతే తోసెయ్యకండి, తోస్తే ఎలుగుబంటి అవుతుంది, "సాయంత్రం ఐదున్నరకి" అని చెప్పి సబ్బు వాసన మీదకో నీళ్ళ వేడి మీదకో వచ్చేయండి. ఐదున్నరకి నిజంగా వెళ్ళి కూర్చోండి, ఈ భాగం ఎగ్గొట్టేవాళ్ళే ఎక్కువ, ఎగ్గొడితే మనసు రెండోరోజు నుంచి మీ మాట నమ్మదు. చాలాసార్లు అక్కడ కూర్చున్నాక చెప్పుకోవడానికి ఏమీ ఉండదు, దోమలు కుడతాయి, లేచి వచ్చేస్తారు. పడుకునే ముందు మాత్రం ఈ టైం పెట్టుకోవద్దు.

మొదటి పాఠంలో బిగింపు చూశాం కదా, దాన్ని కుర్చీలో వాడుకోండి. రెండు పిడికిళ్ళూ గట్టిగా బిగించి ఐదారు సెకన్లు ఉంచి ఒక్కసారి వదలండి, తర్వాత భుజాలు చెవుల దాకా ఎత్తి వదలండి, తర్వాత పళ్ళు బిగించి దవడ వదలండి, ఒక్కోదానికీ మధ్య ఇరవై ముప్పై సెకన్లు ఊరికే ఉండండి. 1920ల్లోనే చికాగోలో ఎడ్మండ్ జేకబ్సన్ అనే డాక్టరు ఇలా బిగించి వదిలే పద్ధతి నేర్పించాడు. కావాలని బిగిస్తే కానీ వదలడం ఎలా ఉంటుందో కండరానికి తెలీదని ఆయన లెక్క. బీపీ ఉన్నవాళ్ళు, మెడనొప్పి ఉన్నవాళ్ళు మెల్లగా బిగించండి, ఊపిరి మాత్రం బిగపట్టకండి.

ఇప్పుడు లిస్టులో ఉండకూడనివి. ఎవరికైనా ప్రోనోటు మీద డబ్బిచ్చి ఉంటే దాన్ని ఆత్మశాంతి పేరు మీద వదిలెయ్యకండి, నోటు రాసిన తేదీ నుంచి మూడేళ్ళ గడువు, మధ్యలో కొంత ఇచ్చి నోటు వెనక చెల్లు వేసి సంతకం పెట్టి ఉంటే అక్కణ్ణుంచి లెక్క, గడువు దగ్గర పడితే లాయర్ దగ్గరికి వెళ్ళండి, మనశ్శాంతి పాఠం తర్వాత చదువుకోవచ్చు. ఇంట్లో కొట్టేవాళ్ళు, తిట్టేవాళ్ళు ఉంటే అది జరిగిపోయిన విషయం కాదు, ఇప్పుడు జరుగుతున్న విషయం, దాన్ని వదిలెయ్ అని ఎవరు చెప్పినా వినకండి, ఆడవాళ్ళకి 181 నంబరు ఉంది. పోయినవాళ్ళ మీద దుఃఖం కూడా ఈ పద్ధతిలో వదిలేది కాదు. రోజులతరబడి నిద్ర లేకపోవడం, బతకాలనిపించకపోవడం లాంటివి ఉంటే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఈ వారం హోంవర్కు చిన్నది. ఒకటి ఎంచుకోవడం, రెండు లైన్లు రాయడం, తింటున్న పద్ధతుల్లో కనీసం ఒకటి ఈరోజే ఆపడం, సాయంత్రం పావుగంట కుర్చీ. నోరు జారి మళ్ళీ కథ చెప్పేస్తే మధ్యలో ఆగిపోండి, "సర్లే, తర్వాత ఎప్పుడైనా" అని ఇంకో టాపిక్‌లోకి వెళ్ళిపోండి, అవతలివాళ్ళు ఏం జరిగింది ఏం జరిగింది అని తవ్వుతారు, తవ్వనివ్వండి. కోపం తగ్గిందా లేదా అని రోజూ చూసుకోవద్దు, ఆ లెక్క మనకి అక్కర్లేదు, కథ ఎన్నిసార్లు చెప్పారో మాత్రం కాగితం వెనక గీతలు పెట్టుకోండి.

నాలుగో పాఠంలో ఆ మనిషే ఏదో ఫంక్షన్‌లో ఎదురుగా వచ్చి "ఏంటి వదినా, ఈమధ్య కనపడట్లేదు" అంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలి, ఏం మాట్లాడాలి అనేది చూద్దాం. శ్రావణమాసం పేరంటాలు, పెళ్ళిళ్ళు దగ్గర్లో ఉన్నవాళ్ళు ఆ పాఠం వచ్చేలోపు గీతలు మొదలెట్టేయండి, అక్కడ పనికొస్తాయి.