8080 పోర్టును పట్టుకున్న పాత సర్వీసు

మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లులో కాంటా లెక్కల కోసం లైనక్స్ కంప్యూటర్‌పై నడిచే సర్వర్, కరెంటు పోయి వచ్చిన తరువాత "అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్" అనే సందేశం చూపి ఆగిపోయింది. ఒక ఐపీ చిరునామాపై ఒక టీసీపీ పోర్టును (నెట్‌వర్క్ కనెక్షన్లు వచ్చే, నంబరున్న ద్వారం) సాధారణంగా ఒకే ప్రోగ్రాము వినగలదు కనుక, 8080 పోర్టును మరొకటి ముందే తీసుకున్నదని దీని అర్థం.

కంప్యూటర్‌ను మళ్ళీ రీస్టార్ట్ చేద్దామని గుమాస్తా గారు అన్నారు. కరెంటు పోయినప్పుడు జరిగినదీ అదే కదా అని నేను ఒప్పుకోలేదు. "సుడో ఎస్ఎస్ -ఎల్‌టీఎన్‌పీ" ఆదేశం ఇస్తే, వింటున్న పోర్టులతో పాటు వాటిని పట్టుకున్న ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) పేరు, దాని గుర్తింపు సంఖ్య అయిన పీఐడీ కనిపిస్తాయి. సుడో (అడ్మిన్ అధికారం) లేకపోతే ఇతర యూజర్ల ప్రాసెస్‌ల వివరాలు రావు. అక్కడ "జావా" అని ఉంది. ఆ పీఐడీతో "సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్" అడిగితే, పాత సాఫ్ట్‌వేర్ కోసం ఎప్పుడో పెట్టిన టామ్‌క్యాట్ అనే జావా వెబ్ సర్వర్ అని తేలింది. టామ్‌క్యాట్ డిఫాల్ట్ పోర్టు 8080యే.

చాలామంది వెంటనే ప్రాసెస్‌ను బలవంతంగా ఆపే "కిల్ -9" కొడతారు. అయితే ఈ సర్వీసు ఫైలులో "రీస్టార్ట్=ఆల్వేస్" అని రాసి ఉన్నందున, చంపినా, సర్వీసులను నడిపించే సిస్టమ్‌డీ దానిని కొత్త పీఐడీతో మళ్ళీ లేపుతుంది. పాత సాఫ్ట్‌వేర్ ఇక అక్కరలేదని యజమాని గారితో నిర్ధారించుకొని, "సిస్టమ్‌సీటీఎల్ డిజేబుల్ --నౌ" ఆదేశంతో దానిని ఆపి, బూట్‌లో మొదలుకాకుండా చేశాను. ఆ తరువాత మా సర్వర్ లేచింది.

వినే ప్రాసెస్ ఏదీ కనిపించకపోయినా ఇదే లోపం వస్తే, మూసేశాక కొంతసేపు ఆగే టైమ్ వెయిట్ స్థితిలో మిగిలిన పాత కనెక్షన్లు కారణం కావచ్చు. లైనక్స్‌లో అవి 60 సెకన్లలో తొలగిపోతాయి.